క్యాప్షన్ మూసి చూడండి: వలసపాలన కాలపు బొమ్మ పోస్టుకార్డులను చదవడం ఎలా?

మీ చేతికి ఒక పాత పోస్టుకార్డు వచ్చిందనుకోండి. అరచేతికి కాస్త పెద్దది, 9 సెంటీమీటర్లకు 14. బొమ్మలో తలపాగా చుట్టిన మనిషో, ఒంటినిండా వెండి నగలు పెట్టుకున్న స్త్రీయో ఉంటారు. కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కులం పేరో, తెగ పేరో, వృత్తి పేరో ఉంటుంది. ఆ మనిషి పేరు మాత్రం ఉండదు. 1900కు అటూ ఇటూ మొదలుకొని మొదటి ప్రపంచ యుద్ధం దాకా మద్రాసు, కొలంబో, రంగూన్, సింగపూర్, డకార్, అల్జీర్స్ పేర్లతో ఇలాంటివి లెక్కలేనన్ని అచ్చయ్యాయి. ఒక రేవు పట్టణంలో ఎన్ని రకాల జనం మసిలేవారో చూపడంలో వీటికి సాటివచ్చే ఆధారాలు తక్కువ. చూపినదంతా నమ్మితే మాత్రం బోల్తా పడతారు.

నేను పాటించే పద్ధతి ఒకటుంది. కార్డు మీద ఉన్నవాటిలో అన్నిటికంటే బలహీనమైన సాక్షి ఆ క్యాప్షనే కాబట్టి దాన్ని చివర పిలుస్తాను. కార్డు అందుకోగానే సన్నటి కాగితం ముక్క మడిచి అక్షరాల మీద కప్పేయండి. ఒకసారి 'ఫలానా తెగ స్త్రీ' అని చదివాక కంటికి ఆ తెగ లక్షణాలే కనబడతాయి. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చూసినా లాభం లేదు.

సరంజామా పెద్దదేమీ అక్కర్లేదు. పదింతలు చేసి చూపే భూతద్దం, మెత్తటి పెన్సిలు, ఒక నోటుపుస్తకం, పక్క నుంచి వాలుగా పడే వెలుతురు చాలు. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. బల్ల మీద కలం గానీ కాఫీ కప్పు గానీ ఉండకూడదు.

ముందు వెనక్కి తిప్పండి

బొమ్మ కంటే ముందు వీపు చూడాలి. కాలం తేల్చే గుర్తులు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

పోస్టుకార్డు అనేది 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో పుట్టింది. మన దేశానికి 1879 జులై 1న వచ్చింది, కాణీ ఖరీదుకు, అంటే పావు అణాకు. అప్పటికి బొమ్మ లేదు, ఉత్త కార్డే. బ్రిటన్‌లో ప్రైవేటు వ్యాపారులు అచ్చేసిన కార్డులకు స్టాంపు అంటించి పంపుకోవచ్చని 1894లో అనుమతి వచ్చింది. తొలినాళ్లలో వెనకవైపు మొత్తం చిరునామాకే. కబురు రాయాలంటే బొమ్మ పక్కన మిగిలిన ఖాళీలో ఇరికించాల్సిందే. 1902లో బ్రిటన్ వెనకవైపును గీతతో రెండుగా చీల్చి ఎడమ సగం కబురుకు, కుడి సగం చిరునామాకు ఇచ్చింది. తర్వాత ఫ్రాన్స్, 1905లో జర్మనీ, 1907లో అమెరికా అదే దారి పట్టాయి. అందుకని వెనక గీత లేకుండా, బొమ్మ చుట్టూ చేతిరాత ఉంటే ఆ కార్డు శతాబ్దపు తొలి ఏళ్లదని మొదటి అంచనా వేసుకోవచ్చు. అంచనా అని ఎందుకంటున్నానంటే, పాత సరుకును దుకాణదారులు ఏళ్ల తరబడి అమ్మేవారు.

తర్వాత స్టాంపు, తపాలా ముద్ర చూడండి. ఏడో ఎడ్వర్డు తల ఉన్న స్టాంపయితే కార్డు పోస్టయింది 1901లో విక్టోరియా రాణి పోయిన తర్వాతే. అయిదో జార్జి తల ఉంటే 1910 తర్వాత. మూలన సన్నగా 'సాక్సనీలో అచ్చు' అనో 'జర్మనీలో అచ్చు' అనో ఉంటే అది మొదటి ప్రపంచ యుద్ధానికి ముందుదయ్యే అవకాశం ఎక్కువ. రంగూన్‌లో తీసిన ఫొటో జర్మనీ వెళ్లి, అక్కడ అచ్చయి, ఓడ మీద తిరిగి రంగూన్‌కు వచ్చి అమ్ముడయ్యేది. 1914లో ఆ దారి మూసుకుపోయింది.

ప్రచురణకర్త పేరు తప్పకుండా రాసుకోండి. మద్రాసులో హిగిన్‌బాథమ్స్, స్పెన్సర్స్, వీల్ అండ్ క్లైన్. కొలంబోలో ప్లేట్ కంపెనీ. రంగూన్‌లో ఫిలిప్ క్లియర్, డి.ఎ. అహుజా, సింగపూర్‌లో లాంబర్ట్ కంపెనీ, డకార్‌లో ఎడ్మండ్ ఫోర్టియర్, హనోయ్‌లో డ్యూల్‌ఫిల్స్. లండన్‌లో కూర్చుని ప్రపంచమంతటి బొమ్మలూ అచ్చేసిన రాఫెల్ టక్ కంపెనీ సరేసరి. పేరు పక్కన వరస సంఖ్య ఉంటే అదీ విలువైనదే. ఒకే సంస్థ వేసిన 41, 42, 43 నంబర్ల కార్డులు మూడూ పక్కపక్కన పెడితే అదే తెర, అదే చాప, అదే కుండ బయటపడతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది, కొత్తవాళ్లంతా పడేది ఇందులోనే. ఒక కార్డుకు తేదీ ఒకటి కాదు, మూడు. ఫొటో తీసిన తేదీ, కార్డు అచ్చయిన తేదీ, పోస్టులో వేసిన తేదీ. 1912 ముద్ర ఉన్న కార్డులోని ఫొటో 1880ల నాటిదయినా ఆశ్చర్యపోవద్దు. స్టూడియోలు చేతులు మారినప్పుడు గాజు నెగటివ్‌లు కూడా ఆస్తితో పాటు చేతులు మారేవి. కొత్త యజమాని వాటినే కార్డులుగా వేసుకునేవాడు. 1912లో ఆ కట్టు కట్టేవారని రాస్తే ఒక తరం తేడా వచ్చేస్తుంది. నోటుపుస్తకంలో మూడు తేదీలకూ మూడు గడులు గీసుకోండి. తెలియని గడి ఖాళీగా ఉండనివ్వండి.

భూతద్దంతో అచ్చు చూడండి

కార్డును వాలు వెలుతురులో పెట్టి అద్దాన్ని బొమ్మలోని ముఖం మీదికి తీసుకురండి. వరసగా పేర్చిన చుక్కలు కనబడితే అది హాఫ్‌టోన్ అచ్చు. చుక్కల వరస లేకుండా, ముడతలు పడిన తోలులాంటి సన్నటి గరుకు కనబడితే కొలోటైప్. దీంట్లో వివరాలు బాగా నిలుస్తాయి. చిందరవందరగా రంగు చుక్కలుంటే రాతి అచ్చు. చుక్కలూ గరుకూ ఏవీ లేకుండా నున్నగా నీడ పరుచుకుని, అంచుల్లో వెండి మెరుపు తేలుతుంటే అది ఫొటో కాగితం మీద నేరుగా తీసిన ప్రింటు. అలాంటివి దొరికితే వదలకండి. స్థానిక ఫొటోగ్రాఫరు కొద్ది ప్రతులే తీసి ఉంటాడు, పెద్ద కంపెనీలు పట్టించుకోని ఊళ్లూ మనుషులూ వీటిలోనే దొరుకుతారు.

రంగులను నమ్మకండి. నలుపు తెలుపు ఫొటోకు ఐరోపాలోని అచ్చు కార్ఖానాలో రంగులద్దేవారు. అద్దినవాళ్లు ఆ చీరను ఎన్నడూ చూసినవారు కారు. ఒకే కార్డు రెండు ముద్రణల్లో రెండు రంగుల చీరలతో కనబడటం మామూలే.

నలుపు తెలుపులు కూడా మాయ చేస్తాయి. ఆనాటి ఫొటో పలకలకు ఎరుపు దాదాపు కనబడదు, నీలం మాత్రం అతిగా తాకుతుంది. ఎర్రచీర నల్లగా, లేత నీలం చీర తెల్లగా వస్తుంది. కుంకుమ నల్లచుక్క అయిపోతుంది. గోధుమరంగు ఒళ్లు ఉన్నదానికంటే నల్లబడుతుంది. తెల్లచీర చూసి వితంతువు అని రాసేసిన వివరణలు నేను చదివాను. అది ఆకాశనీలం చీర కాదని ఎవరు చెప్పగలరు?

ఇంకొకటి. నెగటివ్‌ను తిరగేసి అచ్చేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. పైట ఏ భుజం మీద ఉందన్నదాన్ని బట్టి ప్రాంతం పోల్చే అలవాటు మనకుంది. ఆ పని చేసేముందు బొమ్మలో ఎక్కడైనా అక్షరాలున్నాయా, అవి తిన్నగా ఉన్నాయా అని చూడండి. అక్షరాలు లేకపోతే కోటు బొత్తాలు ఏ వైపు ఉన్నాయో చూడండి.

బొమ్మను అంచుల నుంచి లోపలికి చదవండి

నడిమధ్య నిలబెట్టిన మనిషి ఫొటోగ్రాఫరు మనకు చూపదలచిన మనిషి. అంచుల్లో ఉన్నది అతను పట్టించుకోనిది. అందుకే అంచులు అబద్ధమాడవు. పై కుడి మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి మధ్యకు రండి.

స్టూడియో బొమ్మయితే నేల చూడండి. అడవి తెర కింద అల్లిక తివాచీ అంచు కనబడుతోందా? నిలబడిన మనిషి మడమల వెనక గుండ్రటి ఇనుప దిమ్మె ఉందా? అది తల కదలకుండా పట్టి ఉంచే కర్ర తాలూకు పాదం. వెలుతురు కోసం సెకన్ల కొద్దీ బిగదీసుకుని నిలబడాల్సిన తడి పలకల కాలంలో, అంటే గాజు పలకకు మందు పూసి అది తడిగా ఉండగానే ఫొటో తీసే రోజుల్లో, దాని అవసరం ఎక్కువ. అది కనబడితే కార్డు కంటే ఫొటో చాలా పాతదని అనుమానించండి.

చేతిలో పెట్టిన వస్తువునూ అనుమానించండి. ఉత్తర ఆఫ్రికా కార్డుల మీద పని చేసినవాళ్లు బయటపెట్టిన సంగతి ఇది: ఒకే మోడల్ ఒక కార్డులో ఒక ప్రాంతపు యువతి, మరో కార్డులో వేరే ప్రాంతపు యువతి. నగలు స్టూడియోవి, బట్టలు స్టూడియోవి, కూలి రోజుకింత. బయట తీసినదైనా సరే, ఊరు నిజమా అని అడగండి. ఐరోపా ప్రదర్శనల్లో కృత్రిమ పల్లెలు కట్టి ఆఫ్రికా, ఆసియా జనాన్ని తెచ్చి జంతుశాలలో లాగా నిలబెట్టేవారు. అక్కడ అమ్మకానికి వాళ్ల బొమ్మల కార్డులూ ఉండేవి. గుడిసె వెనక ఐరోపా చెట్టో, ఇనుప కంచో, టోపీ పెట్టుకున్న సందర్శకుడో కనబడితే ఆ 'ఆఫ్రికా పల్లె' ఫ్రాన్సులో ఉండవచ్చు.

నా మటుకు నాకు పది స్టూడియో కార్డుల కంటే ఒక వీధి కార్డు మేలు. నా దగ్గరున్న ఒకదాన్ని చూపిస్తాను. రంగూన్ సూలే పగోడా వీధి, కొలోటైప్, వెనకవైపు గీత ఉంది, పోస్టు కాలేదు. కాగితం ముక్క కింద ఉన్న క్యాప్షన్ పగోడా పేరు, ఊరి పేరు తప్ప ఇంకేమీ చెప్పదు. ఫొటోగ్రాఫరు చూసిందీ పగోడానే, శిఖరం మధ్యలో నిటారుగా ఉంది. భూతద్దం కింది అంచుకు దింపితే కథ మారుతుంది. ఎడమవైపు రిక్షా లాగుతూ ఒక మనిషి, కాళ్లు కదిలిపోయి మసకగా ఉన్నాయి, పంచె మోకాళ్ల పైకి బిగించి కట్టాడు. అతని వెనక లుంగీ, పొట్టి చొక్కా వేసుకున్న ఆడవాళ్లు ఇద్దరు. మలుపులో గడ్డం, పెద్ద తలపాగాతో పోలీసు. కుడివైపు దుకాణాల మీద ఇంగ్లీషు, బర్మీస్, చైనీస్ అక్షరాలు. పగోడా కోసం తీసిన బొమ్మలో ఊరంతా వచ్చి కూర్చుంది. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే అన్న అంకె ఒకవైపు, ఈ కింది అంచు ఒకవైపు పెట్టి చూస్తే ఆ అంకెకు కాళ్లు వస్తాయి.

ఇప్పుడు కాగితం ముక్క తీయండి

క్యాప్షన్‌ను ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా ఎత్తి రాయండి. తర్వాత ఆ మాట ఎవరిదని అడగండి. జనం తమను తాము పిలుచుకున్న పేరా, పొరుగువాళ్లు పెట్టిన పేరా, పాలకులు గుంపుగా తగిలించిన పేరా?

బర్మాలో తెలుగు కూలీలను 'కోరింగీ' అనేవారు. గోదావరి పాయ ఒడ్డున, కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన జనం కాబట్టి ఆ పేరు. శ్రీకాకుళం నుంచి వెళ్లినా విశాఖ నుంచి వెళ్లినా అక్కడ కోరింగీయే. మలయా, సింగపూర్ కార్డుల్లో కనబడే 'క్లింగ్' అన్నమాట కళింగ నుంచి వచ్చిందంటారు; దక్షిణాది వాళ్లందరికీ, ముఖ్యంగా తమిళులకు అది అంటగట్టారు. ఇవాళ అక్కడ అది తిట్టు. ట్రినిడాడ్ కార్డుల్లో వెండి కడియాలూ నగలతో కూర్చున్న భారతీయ స్త్రీ కింద 'కూలీ' అని ఉంటుంది, ఆమె చేసిన పని ఏదైనా సరే. కెనడా పశ్చిమ తీరపు కార్డుల్లో 'హిందూ' అని రాసినచోట తలపాగాలు చూడండి, చాలావరకు సిక్కులు. అమెరికా జనగణన కూడా 'హిందూ' అన్న మాటను మతంతో పని లేకుండా భారతీయులందరికీ వాడింది.

కాబట్టి తెలుగువాళ్ల ఆనవాళ్లు వెతికేవారు ఆర్కైవ్‌ల వెబ్‌సైట్లలో 'తెలుగు' అని మాత్రమే కొట్టి ఊరుకుంటే దొరికేది కొంచెమే. 'కోరింగీ' మాటను ఇంగ్లీషులో నాలుగైదు రకాల స్పెల్లింగులతో, 'మద్రాసీ', 'క్లింగ్', 'కూలీ' అన్న మాటలతోనూ వెతకాలి. ఆ మాటలు ఇష్టం లేకపోయినా పెట్టె తెరిచే తాళంచెవులు అవే. బ్రిటిష్ లైబ్రరీ, కేంబ్రిడ్జ్‌లోని రాయల్ కామన్‌వెల్త్ సొసైటీ సేకరణ, లైడెన్ విశ్వవిద్యాలయం, సింగపూర్ జాతీయ ఆర్కైవ్స్, బాసెల్ మిషన్ ఆర్కైవ్స్‌తో మొదలుపెట్టండి. మిషనరీల బొమ్మలను చిన్నచూపు చూడకండి. విరాళాల కోసం వేసినవే అయినా, వాటిలో అప్పుడప్పుడు మనుషుల పేర్లుంటాయి.

'టైప్స్' అన్న మాట కనబడితే ఆగండి. ఒక మనిషిని చూపి జాతి మొత్తానికి నమూనా అనడం కార్డులవాళ్లు కనిపెట్టింది కాదు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ అండతో ఎనిమిది సంపుటాలుగా వచ్చిన భారత ప్రజల ఫొటోలు, మద్రాసు మ్యూజియంలో ఎడ్గర్ థర్‌స్టన్ తలలూ ముక్కులూ కొలిచి చేసిన కులాల పట్టికలు ఇదే చూపుతో తయారయ్యాయి. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీసే భంగిమ అక్కడి నుంచే కార్డుల్లోకి జారింది.

జంటను వెతకండి, తర్వాత లెక్క సరిచూడండి

ఒక్క కార్డు మీద తీర్పు చెప్పకండి. అదే నెగటివ్‌తో వచ్చిన ఇంకో కార్డు కోసం బొమ్మతో వెతికే సదుపాయం వాడండి. ఒకచోట 'నాట్యకత్తె', మరోచోట 'ఉన్నత కుటుంబ స్త్రీ' అని అదే ముఖం కింద కనబడితే ఆ రెండు మాటల్లో దేన్నీ వాడకండి. ఒకే ప్రచురణకర్త పదేళ్ల తేడాతో మాట మార్చినా రాసుకోండి. కొనేవాడికి ఏది నచ్చుతుందన్న లెక్క మారిందని అర్థం.

కార్డుల సంఖ్యను జనసంఖ్య అనుకునే పొరపాటు ఇంకోటి. నీలగిరి కొండల్లోని తోడా తెగవాళ్లు 1901లో సుమారు 800 మంది. వాళ్ల కార్డులు మాత్రం అడుగడుగునా దొరుకుతాయి. కారణం ఊటీ. మద్రాసు ప్రభుత్వం వేసవి అంతా అక్కడే మకాం, వచ్చిన దొరలూ దొరసానులూ ఊరికి పంపడానికి కొనుక్కునే బొమ్మ అదే. మైదానాల్లో లక్షల మంది రైతుల ముఖాలకు కొనేవాడు లేడు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో రిక్షా లాగిన జూలూ జాతివాళ్ల కొమ్ముల కిరీటాలదీ అదే తంతు. ఆ అలంకారం బేరం కోసం పెంచుకుంటూ పోయినది, దాన్ని జూలూల నిత్యవేషం అనుకుంటే వాళ్లే నవ్వుతారు.

కార్డు మీద చేతిరాత ఉంటే ఓపికగా కూడబలుక్కుని చదవండి. పంపినవారు సైనికుడో, మిషనరీయో, అధికారి భార్యో అయి ఉంటారు. చాలాసార్లు బొమ్మ గురించి ఒక్క ముక్క ఉండదు, వాతావరణం గురించీ ఓడ రాకపోకల గురించీ ఉంటుంది. అదీ ఒక సమాచారమే. బొమ్మలో మనిషిని చూసినవారికి అతని గురించి చెప్పాలనిపించలేదు.

భద్రపరచడం, రాసిపెట్టడం

రెండువైపులా స్కాన్ చేయండి. 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకు) తక్కువ కాకుండా పెడితే పొడవునా సుమారు 3,300 పిక్సెళ్లు వస్తాయి, రిక్షా కాళ్లు చూడటానికి సరిపోతుంది. అంచులు కత్తిరించకండి, రంగులు సరిదిద్దకండి. కార్డును పాలియెస్టర్ కవరులో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు, సెల్లోటేపు, లామినేషను మూడూ దానికి శత్రువులే. స్టాంపు పీకకండి.

ఇంటర్నెట్‌లో పెట్టేముందు రెండు మాటలు. మన చట్టం ప్రకారం ఫొటో ప్రచురితమైన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది, అయినా ఏదైనా ఆర్కైవ్ స్కాన్ వాడుకుంటే వాళ్ల షరతులు వేరుగా చూసుకోవాలి. బట్టలు లేకుండా నిలబెట్టిన ఆడవాళ్ల, పిల్లల బొమ్మలు చట్టం అడ్డురాకపోయినా నేను పెట్టను. వాళ్లు ఒప్పుకుని నిలబడ్డారనడానికి కార్డులో ఏమీ లేదు. వివరం రాసిపెడితే పరిశోధకుడికి చాలు.

రాసేటప్పుడు క్యాప్షన్‌ను కొటేషన్లలో ఒకచోట, మీ కంటికి కనబడినది ఇంకోచోట, మీ ఊహ మూడోచోట పెట్టండి. మూడూ ఎప్పుడూ కలవకూడదు. నా రంగూన్ కార్డు దగ్గరే ఇది కష్టమనిపించింది. అక్కడ రిక్షా లాగినవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువని తెలుసు, ఆ పంచెకట్టు కూడా ఎరిగినదిలాగే ఉంది, 'తెలుగువాడు' అని రాసేయమని చెయ్యి లాగింది. చివరికి నోటుపుస్తకంలో ఉన్నది ఇది:

క్యాప్షన్: 'సూలే పగోడా, రంగూన్'. ఫొటో తేదీ: ఖాళీ. అచ్చు: గీత ఉన్న వీపు, కొలోటైప్, 1902 తర్వాత. పోస్టు: కాలేదు. కింది ఎడమ అంచు: రిక్షా లాగుతున్న పురుషుడు, ఒట్టి కాళ్లు, మోకాళ్ల పైకి పంచె, తలగుడ్డ, ముఖం అవతలికి తిరిగి ఉంది. ఊహ: కోరంగి ఓడ దిగినవాడు కావచ్చు. రుజువు: కార్డులో లేదు.